ఉదాహరణలతో స్పెక్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

"12 లక్షల వరకు పన్ను లేదు." 2025 ఫిబ్రవరి 1న కేంద్ర బడ్జెట్ ప్రసంగం ముగిసిన కాసేపటికే ఈ వాక్యం ప్రతి వాట్సాప్ గ్రూపుకూ చేరిపోయింది. కొన్ని వారాల తర్వాత దాదాపు అవే మాటలతో మా టీమ్‌కు ఒక టికెట్ (చేయాల్సిన పని రాసి పంపే నోటు) వచ్చింది. మేం పేరోల్ (జీతాల లెక్క) సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లం, నేను టెస్టర్ని. అందరం చదివాం. అందులో అర్థం కానిది ఏముందనుకున్నాం. ఏప్రిల్ జీతాలు పడ్డాక ఫోన్లు మొదలయ్యాయి. పన్ను వర్తించే ఆదాయం రూ.12,10,000 ఉన్నవాళ్లకు సెస్సుతో కలిపి నెలకు సుమారు రూ.867 కోయాల్సిన చోట రూ.5,330 కోసేశాం. కోడ్ తిరగేసి చూస్తే టికెట్‌లో రాసినట్టే ఉంది. తేడా ఆ వాక్యంలోనే ఉంది. ఆ రోజు నుంచి నేను అంకెలు లేని స్పెక్‌ను (ఫీచర్ ఎలా పనిచేయాలో చెప్పే రాతను) నమ్మడం మానేశాను. జూనియర్లు, బీఏలు (అవసరాలు తెలుసుకుని రాసే బిజినెస్ అనలిస్టులు) నన్ను మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు చాలావరకు ఆ పన్ను లెక్క నుంచే తీసుకున్నాను.

ఉదాహరణలతో స్పెక్ రాయడం అంటే ఏమిటి?

ఫీచర్ ఎలా పనిచేయాలో నియమంగా చెప్పి ఊరుకోకుండా, "ఈ మనిషికి, ఈ వివరాలతో, ఈ పని చేస్తే, ఈ ఫలితం రావాలి" అని అసలు విలువలతో రాయడం. నియమం ఉంటుంది, దాని పక్కనే ఉదాహరణలూ ఉంటాయి. ఆ ఉదాహరణలే తర్వాత టెస్టులవుతాయి. కోడ్ రాయకముందే, ఫీచర్ కట్టేవాళ్లూ అడిగేవాళ్లూ పరీక్షించేవాళ్లూ కలిసి వాటిని ఒప్పుకోవాలి. ఈ పద్ధతికి ప్రాణం అక్కడే ఉంది.

ఆక్సెప్టెన్స్ క్రైటీరియా (పని పూర్తయిందని ఒప్పుకోవడానికి పెట్టే షరతులు) రాస్తూనే ఉన్నాం కదా, ఇదెందుకు?

మీ క్రైటీరియాను ఒకసారి తీసి చూడండి. "రిబేటు సరిగ్గా వర్తించాలి", "చెల్లని ఆదాయం ఇస్తే తగిన సందేశం చూపాలి" లాంటివి ఎన్ని ఉన్నాయి? "సరిగ్గా", "తగిన" అన్న మాటల్ని పరీక్షించడం ఎవరివల్లా కాదు. డెవలపర్‌కు ఒకలా, టెస్టర్‌కు మరోలా, పన్నులు తెలిసిన చార్టర్డ్ అకౌంటెంట్‌కు ఇంకోలా అర్థమవుతాయి. వాక్యం అందరికీ ఒకటే కాబట్టి ఆ తేడా ఎవరికీ కనిపించదు. రూ.12,10,000కు పన్నెంతో ముగ్గురినీ విడివిడిగా కాగితం మీద రాయమనండి. ఒకరు సున్నా రాస్తారు, ఒకరు 61,500 రాస్తారు, ఇంకొకరు 10,000 రాస్తారు. అసలు సంభాషణ అక్కడ మొదలవుతుంది.

ఒక పూర్తి ఉదాహరణ చూపిస్తారా?

పై టికెట్‌నే తీసుకుందాం. 2025-26 ఆర్థిక సంవత్సరం, కొత్త పన్ను విధానం. స్లాబులు: 4 లక్షల వరకు పన్ను లేదు, 4 నుంచి 8 లక్షల వరకు 5 శాతం, 8 నుంచి 12 వరకు 10 శాతం, 12 నుంచి 16 వరకు 15 శాతం. ఈ లెక్కన 12 లక్షలకు పన్ను రూ.60,000. ఆదాయం 12 లక్షలు దాటకపోతే ఆ అరవై వేలూ రిబేటుగా తీసేస్తారు. మరి 12 లక్షల మీద పది రూపాయలు ఎక్కువ వస్తే? ఆ పది రూపాయల కోసం అరవై వేలు కట్టమనడం అన్యాయం. అందుకే మార్జినల్ రిలీఫ్ అనే ఏర్పాటు ఉంది. పన్ను ఎంత వచ్చినా సరే, ఆదాయం 12 లక్షలకు పైన ఎంత ఉందో అంతకు మించి కట్టనక్కర్లేదు.

ఇంతవరకు నియమం. ఇప్పుడు దాన్ని పట్టికగా రాద్దాం (సెస్సు, అంటే పన్ను మీద అదనంగా వేసే 4 శాతం, కలపకముందు లెక్క, అన్నీ రూపాయల్లో):

| పన్ను వర్తించే ఆదాయం | స్లాబుల ప్రకారం | 12 లక్షలకు పైన | కట్టాల్సింది |
|---|---|---|---|
| 12,00,000 | 60,000 | 0 | 0 |
| 12,00,010 | 60,001.50 | 10 | 10 |
| 12,10,000 | 61,500 | 10,000 | 10,000 |
| 12,70,000 | 70,500 | 70,000 | 70,000 |
| 12,71,000 | 70,650 | 71,000 | 70,650 |

మా పాత కోడ్‌లో మొదటి వరుస, చివరి వరుస సరిగ్గానే వచ్చేవి. మధ్య మూడూ తప్పు. చివరి రెండు వరుసల్ని జాగ్రత్తగా చూడండి. రిలీఫ్ రూ.12,70,588 దగ్గర ఆగిపోతుంది, ఆపైన స్లాబు లెక్కే తక్కువ అవుతుంది. ఈ మలుపు ఎక్కడుందో నియమం చదివితే తెలియదు. ఎవరో ఒకరు కూర్చుని పట్టిక నింపితేనే బయటపడుతుంది.

ఇక్కడితో అయిపోలేదు. పట్టిక నింపుతుంటే టికెట్‌లో లేని సంగతులు ఒక్కొక్కటే తలెత్తాయి. 12 లక్షలంటే జీతమా, పన్ను వర్తించే ఆదాయమా? ఏడాది జీతం రూ.12,75,000 ఉన్న ఉద్యోగికి రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోతే మిగిలేది సరిగ్గా 12 లక్షలు, అంటే పన్ను సున్నా. రూ.12,00,004 వస్తే? 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం ఆదాయాన్ని దగ్గరి పది రూపాయలకు సర్దుతారు కాబట్టి అది 12,00,000 అవుతుంది, పన్ను సున్నా. అదే రూ.12,00,005 అయితే 12,00,010గా మారుతుంది. సర్దడం ముందా, రిబేటు చూడడం ముందా అన్న క్రమం మీద ఈ జవాబు ఆధారపడుతుంది. మా కోడ్‌లో ఆ క్రమం తలకిందులుగా ఉంది.

షేర్లు అమ్మినవాళ్ల సంగతి? జీతంలో డిడక్షన్ పోను 10,50,000, షేర్ల మీద స్వల్పకాలిక లాభం 1,00,000, మొత్తం 11,50,000. 12 లోపే కదా అని సున్నా వేస్తే తప్పు. ప్రత్యేక రేటు ఉన్న ఆ లాభం మీద 20 శాతం, అంటే రూ.20,000 పన్ను రిబేటులోకి రాదు. మరొకటి, ఈ రిబేటు భారత నివాసులకే. డాలస్‌లో స్థిరపడిన ప్రవాస తెలుగువాడికి ఇక్కడి అద్దెల మీద పన్ను వర్తించే ఆదాయం సరిగ్గా 12 లక్షలుంటే రూ.60,000, దాని మీద 4 శాతం సెస్సు రూ.2,400 కట్టాల్సిందే. ఒక్క వాక్యం టికెట్ నుంచి ఇన్ని వచ్చాయి. వీటిలో ఏ ఒక్కటీ ప్రోగ్రామింగ్ ప్రశ్న కాదు.

ఎన్ని ఉదాహరణలు రాస్తే చాలు?

కొత్తగా నేర్చుకున్నవాళ్లు నలభై రాస్తారు. అప్పుడు ఎవరూ చదవరు. నా లెక్క ఇది: ప్రతి ఉదాహరణా పక్కదానికంటే వేరే సంగతి చెప్పాలి. 12,20,000, 12,30,000, 12,40,000 అని మూడు వరుసలు పెడితే మూడూ ఒకటే చెబుతాయి, రెండు కొట్టేయండి. ఫలితం ఎక్కడ మారుతుందో అక్కడికి ఇటు ఒకటి, అటు ఒకటి పెట్టండి. ఒక నియమానికి ఏడెనిమిది ఉదాహరణలు దాటుతున్నాయంటే అది ఒక నియమం కాదు, రెండు మూడు కలిసిపోయాయి. స్టోరీని (టీమ్ ఒకసారికి తీసుకునే చిన్న పనిని) విడగొట్టాల్సిన సమయం వచ్చిందన్నమాట.

ఎవరు రాయాలి? బీఏ రాసి పంపితే సరిపోతుందా?

సరిపోదు. బీఏ ఒంటరిగా రాస్తే బీఏకు తెలిసినవే వస్తాయి. అవసరం తెలిసినవాళ్లు ఒకరు, కోడ్ రాసేవాళ్లు ఒకరు, పరీక్షించేవాళ్లు ఒకరు, తక్కువలో తక్కువ ఈ ముగ్గురూ కలిసి కూర్చోవాలి. మాట్ విన్ చెప్పిన ఎగ్జాంపుల్ మ్యాపింగ్ పద్ధతి నాకు బాగా కుదిరింది. నాలుగు రంగుల కార్డులు తీసుకుంటారు. పసుపు కార్డు మీద స్టోరీ, నీలం మీద నియమాలు, ఆకుపచ్చ మీద ఉదాహరణలు, ఎరుపు మీద అక్కడున్నవాళ్లెవరికీ జవాబు తెలియని ప్రశ్నలు. ఇరవై అయిదు నిమిషాల్లో ముగించాలి. ముగిసేసరికి బల్లంతా ఎర్ర కార్డులే ఉంటే ఆ స్టోరీ స్ప్రింట్‌లోకి, అంటే ఈ విడత పనిలోకి, తీసుకునే స్థితిలో లేదని అందరికీ కనిపిస్తుంది, ఎవరూ వాదించనక్కర్లేదు. ఉద్యోగి షేర్ల వివరాలు మనకెవరిస్తారు అన్నది మా ఎర్ర కార్డుల్లో ఒకటి. హెచ్ఆర్ వాళ్లు వచ్చి ఉద్యోగి స్వయంగా ప్రకటిస్తే తప్ప లెక్కలోకి తీసుకోం అన్నారు. అదొక కొత్త నీలం కార్డు అయింది.

క్లయింటు అమెరికాలోనో లండన్‌లోనో ఉంటే ముగ్గురూ ఒకేసారి దొరకడం కష్టం, నిజమే. అప్పుడు మీరే ఉదాహరణలు నింపి, అనుమానం ఉన్న గడులు ఖాళీగా వదిలి, పట్టికను సాయంత్రం పంపండి. "ఈ రిక్వైర్‌మెంట్ వివరించండి" అని మెయిల్ పెడితే రెండు పేజీల జవాబు వచ్చి కొత్త అనుమానాలు పుట్టిస్తుంది. ఖాళీ గడి పంపితే అంకె వస్తుంది.

గివెన్, వెన్, దెన్ అని రాయడం తప్పనిసరా?

కాదు. డాన్ నార్త్ 2003 ప్రాంతంలో జేబిహేవ్ అనే టెస్టింగ్ సాధనం పని మొదలుపెట్టి, బిహేవియర్ డ్రివెన్ డెవలప్‌మెంట్ అని ఈ ఆలోచనకు పేరు పెట్టినప్పటి నుంచి ఆ మూసకు ప్రచారం వచ్చింది. 2008లో అస్లాక్ హెల్లెసొయ్ అలా రాసిన ఉదాహరణల్ని టెస్టులుగా నడిపే క్యూకంబర్ అనే సాధనం తెచ్చాక అది ఇంకా పెరిగింది. అంతకు ముందే, 2002లో, వార్డ్ కనింగ్‌హమ్ ఫిట్ అనే సాధనంలో ఇదే పని ఉత్త పట్టికలతో చేశారు. లెక్కలకు పట్టికే బాగుంటుంది. ఒకదాని తర్వాత ఒకటి జరిగే పనులకు, అంటే "రాజీనామా ఇచ్చాడు, నోటీసు కాలంలో సెలవు పెట్టాడు, ఆఖరి జీతం ఎంత" లాంటివాటికి, ముందున్న స్థితి, జరిగిన పని, వచ్చిన ఫలితం అనే మూడు భాగాలు (గివెన్, వెన్, దెన్ అంటే ఇవే) బాగుంటాయి. రూపం కోసం ఎవరితోనూ పేచీ పడకండి.

తెలుగులో రాయొచ్చా?

రాయొచ్చు. ఇది చాలామందికి తెలియదు. క్యూకంబర్ వాడే గెర్కిన్ భాషకు తెలుగు కీలకపదాలు ఉన్నాయి. ఫైలు మొదటి వరుసలో భాష తెలుగని రెండక్షరాల కోడ్‌తో చెబితే చాలు. ఇలా ఉంటుంది:

గుణము: కొత్త విధానంలో పన్ను రిబేటు

ఉదాహరణ: ఆదాయం 12 లక్షలు కొద్దిగా దాటినప్పుడు
చెప్పబడినది 2025-26లో కొత్త విధానం ఎంచుకున్న భారత నివాసి
మరియు పన్ను వర్తించే ఆదాయం రూ.12,10,000
ఈ పరిస్థితిలో ఏడాది పన్ను లెక్కిస్తే
అప్పుడు సెస్సుకు ముందు పన్ను రూ.10,000
మరియు సెస్సుతో కలిపి రూ.10,400

"చెప్పబడినది" నాకు చెవికి ఇంపుగా లేదు, మన వాక్యం క్రియతో ముగుస్తుంది తప్ప మొదలవదు. ఆ పదాల బదులు ప్రతి వరుస ముందూ నక్షత్రం గుర్తు పెట్టినా సాధనం ఒప్పుకుంటుంది. అప్పుడు వాక్యం మనం మాట్లాడినట్టే రాసుకోవచ్చు. మీ ఉదాహరణలు చదివి సంతకం పెట్టాల్సింది జిల్లా సహకార సంఘం గుమస్తా అయినా, ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో కూర్చునే మనిషి అయినా, తెలుగులో రాయండి. వాళ్లు తప్పు పట్టుకోగలగాలి, రాసేది అందుకోసమే. క్లయింటు తెలుగువాడు కాకపోతే ఇంగ్లిష్‌లోనే రాయక తప్పదు.

ఉదాహరణల్లో స్క్రీన్లు, బటన్లు రాయొద్దని ఎందుకంటారు?

"లాగిన్ అవ్వాలి, మెనూలో ట్యాక్స్ నొక్కాలి, మూడో పెట్టెలో 1210000 కొట్టాలి, కాలిక్యులేట్ నొక్కాలి..." ఇలా రాస్తే రిబేటు గురించి చెప్పే వరుస ఒక్కటే మిగులుతుంది, అదీ గుంపులో కలిసిపోతుంది. రేపు మెనూ మారితే పన్ను నియమం చెక్కుచెదరకపోయినా మీ ఉదాహరణలన్నీ విరుగుతాయి. ఒక చిన్న పరీక్ష ఉంది. కంప్యూటర్ లేని రోజుల్లో లెడ్జరు పుస్తకంతో ఈ పని చేసిన గుమస్తాకు మీ ఉదాహరణ చదివితే అర్థమవుతుందా? అర్థమైతే బాగా రాసినట్టే.

మా ఫీచర్‌లో లెక్కలేం లేవు. అప్పుడెలా?

లెక్కలు లేవనుకునే చోటే పెద్ద గొయ్యి ఉంటుంది. "పే స్లిప్‌లో ఉద్యోగి పేరు 20 అక్షరాలకు మించకూడదు" అనే నియమం చూడండి. ఎంతో సాదాగా ఉంది. ఇప్పుడు "శ్రీలక్ష్మి" అన్న పేరు తీసుకోండి. ఎన్ని అక్షరాలు?

పలక పట్టుకున్న పిల్లనడిగితే మూడంటుంది: శ్రీ, ల, క్ష్మి. కంప్యూటర్లు అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ లెక్కలో శ, పొల్లు, ర, ఈత్వం, ల, క, పొల్లు, ష, పొల్లు, మ, ఇత్వం అని 11. వాటిని కంప్యూటర్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 33. అక్షరాలను గుచ్ఛాలుగా లెక్కించే లైబ్రరీ వాడితే పాత యూనికోడ్ నియమాల ప్రకారం 6 వస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు ఒత్తులను కలిపి చూసే నియమం చేరింది కాబట్టి కొత్త లైబ్రరీలో 3 వస్తుంది. ఒకే పేరుకు నాలుగు జవాబులు. 20ను బైట్లుగా తీసుకున్న డేటాబేసులో ఈ పేరు "శ్రీలక" దగ్గర తెగి, చివర ఒక ప్రశ్నార్థకమో డబ్బానో మిగులుతుంది. తన పేరు అలా అచ్చయిన కాగితం చేతికి వచ్చినప్పుడు ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించండి. "శ్రీలక్ష్మి అనే పేరు పూర్తిగా అచ్చు కావాలి" అని ఒక్క ఉదాహరణ స్పెక్‌లో ఉంటే కోడ్ రాసే రోజే ఇది దొరికిపోతుంది. జీతం పడిందని తెలుగులో ఎస్ఎంఎస్ పంపే ఫీచరూ ఇలాంటిదే. ఇంగ్లిష్‌లో ఒక సందేశానికి 160 పడతాయి, తెలుగులో 70. ఆ 70 లెక్కించేది కూడా పై 11 లాగే.

"వేగంగా ఉండాలి", "వాడటానికి తేలిగ్గా ఉండాలి" లాంటివాటికి?

వేగానికి సందర్భం పెట్టండి: "నెలాఖరు రోజు 5,000 మంది జీతాలు ఒకేసారి లెక్కిస్తే 20 నిమిషాల్లో ముగియాలి." ఆ అంకెలు ఇచ్చేవాళ్లతో మాట్లాడి తెచ్చుకోండి, మీరే ఊహించి పెట్టొద్దు. తేలిక సంగతి వేరు. దాన్ని మనుషుల చేతికిచ్చి చూడాలి, ఉదాహరణల పట్టికతో తేలదు.

క్యూకంబర్ లాంటి సాధనం వెంటనే పెట్టాలా?

వద్దు. మొదటి రెండు మూడు నెలలు కార్డులు, స్ప్రెడ్‌షీటు చాలు. సాధనంతో మొదలుపెట్టిన టీములు ఎలా అవుతాయో చూశాను. ఆటోమేషన్ చేసేవాళ్లు పక్కన కూర్చుని, అయిపోయిన కోడ్ చూసి ఫీచర్ ఫైళ్లు రాస్తుంటారు. బీఏ వాటిని ఒక్కసారి కూడా తెరవడు. అదంతా ఒట్టి బరువు. మాట్లాడుకోవడం అలవాటైన తర్వాత, పట్టికలోని వరుసల్ని రోజూ దానంతట అది నడిపే సాధనం తెచ్చుకోండి. ఆ పట్టికను మామూలు యూనిట్ టెస్టులోకి (కోడ్‌లో ఒక చిన్న భాగాన్ని పరీక్షించేదానిలోకి) ఎక్కించినా పని జరుగుతుంది.

నియమం మారితే ఉదాహరణలన్నీ పాడైపోతాయా?

మారతాయి, పాడవవు. 2024-25లో రిబేటు హద్దు 7 లక్షలే. ఆ ఏడాది స్లాబులతో 12 లక్షలకు పన్ను రూ.80,000. మరుసటి ఏడాది అదే ఆదాయానికి సున్నా. అందుకే మా పట్టికల్లో ఏ ఆర్థిక సంవత్సరమో ఇప్పుడు ప్రతి ఉదాహరణలోనూ ఉంటుంది. పాతవాటిని తుడిచేయం. 2024-25కు సవరించిన లెక్క అడిగే ఉద్యోగి రేపు కూడా వస్తాడు, అప్పటి జవాబు ఇప్పుడూ 80,000గానే రావాలి. కొత్త బడ్జెట్ వచ్చిన రోజు మేం చేసే మొదటి పని, కోడ్ తెరవకుండా, పట్టికలో కొత్త ఏడాది వరుసలు నింపడం.

ఒక హెచ్చరిక. టెస్టు విరిగినప్పుడు ఫలితం గడిలో కొత్త అంకె వేసి పచ్చగా (పాసైనట్టు) మార్చేయడం చాలా తేలిక. ఆ గడి మార్చే ముందు దాన్ని ఒప్పుకున్న మనిషిని అడగండి. మేం ప్రతి పట్టిక కింద ఆ అంకెలను ఎవరు సరిచూశారో, ఏ తేదీనో రాసుకుంటాం.

ఇవన్నీ ఉంటే టెస్టర్ పని తగ్గుతుందా?

మారుతుంది. తెలిసిన ఉదాహరణలను యంత్రం నడుపుతుంది కాబట్టి, ఎవరికీ తట్టని వాటిని వెతకడానికి సమయం దొరుకుతుంది. ఏడాది మధ్యలో పాత విధానం నుంచి కొత్తదానికి మారిన ఉద్యోగి, రెండు కంపెనీల్లో జీతం తీసుకున్న ఉద్యోగి, ఫిబ్రవరిలో అరియర్స్ (పాత బకాయి జీతం) పడి 12 లక్షలు దాటిన ఉద్యోగి. ఈ మూడూ మా టీమ్‌లో ఒక టెస్టర్ ఒక మధ్యాహ్నం వాడి చూస్తుండగా దొరికినవే. మూడూ మరుసటి రోజుకు ఆకుపచ్చ కార్డులయ్యాయి.

రేపే మొదలుపెట్టాలంటే?

ఈ స్ప్రింట్‌లో ఉన్న స్టోరీల్లో అందరికీ బాగా అర్థమైందనుకునేది ఒకటి తీసుకోండి. హద్దు మీద ఉన్న ఒక విలువ ఎంచుకోండి. బీఏ, డెవలపర్, టెస్టర్ ముగ్గురికీ చెరో చీటీ ఇచ్చి, ఒకరిది ఒకరు చూడకుండా ఫలితం రాయమనండి. తర్వాత మూడు చీటీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టండి.